హీరోగారి క్యారేజీలో ఏముంది?

సినిమా విలేఖరినని తెలిస్తే చాలు, పెళ్ళి పందిట్లో గానీ రైలు పెట్టెలో గానీ పక్కసీటువాళ్ళు నన్ను అడిగే ప్రశ్నలు మూడే మూడు. మొదటిది - "ఫలానా హీరోకీ ఫలానా హీరోయిన్‌కీ... నిజమేనా?" రెండోది - "సినిమాకి ఎంత తీసుకుంటాడేం?" ఈ రెండూ మా తాతల కాలం నుంచీ వస్తున్నవే. మూడోది మాత్రం ఓ పదిహేనేళ్ళుగా మొదలైంది. "ఆయన ఏం తింటారండీ?"

మొదటి రెండింటికీ నా దగ్గర జవాబు లేదు. ఉన్నా చెప్పను! మూడోదానికి మాత్రం చెప్పి తీరాలనిపించింది. కారణం తెనాలి నుంచి వచ్చిన ఒక ఉత్తరం. రాసినవాడికి 19 ఏళ్ళు. బరువు 81 కిలోలట. అభిమాన హీరోలా మూడు నెలల్లో తయారవ్వాలని ముందు టిఫిన్ మానేశాడు. తర్వాత రాత్రి అన్నం మానేశాడు. మూడో వారంలో కాలేజీ మెట్ల మీద కళ్ళు తిరిగి పడ్డాడు. అంతా రాసి చివర్లో అడిగాడు కదా - "ఇంకా ఏం మానెయ్యమంటావన్నా?"

మానెయ్యటం గురించి తర్వాత మాట్లాడదాం తమ్ముడూ. ముందు ఆ క్యారేజీ మూత తీసి చూద్దాం.

షూటింగులో మధ్యాహ్నం "బ్రేక్!" అనగానే రెండు రకాల భోజనాలు దిగుతాయి. ఒకటి ప్రొడక్షన్ భోజనం. అన్నం, పప్పు, సాంబారు, ఒక వేపుడు, కోడికూర, పెరుగు, ఓ స్వీటు. లైట్‌మేన్ నుంచి జూనియర్ ఆర్టిస్టు దాకా అందరికీ అదే. రెండోది సరాసరి కారవాన్‌లోకి వెళ్ళే క్యారేజీ. అందులో నా కళ్ళారా చూసినవి - ఉప్పూ కారం అంటీ అంటనట్టు ఉడికించిన చికెన్, గుడ్డు తెల్లసొన, ఆవిరి మీద మగ్గిన కూరముక్కలు, గుప్పెడు ముడిబియ్యం అన్నం. కోట్లు తీసుకునే మనిషి తినే తిండి ఇదా అని జాలేసింది, నిజంగా!

అయితే ఆ క్యారేజీ ఒంటరిగా రాదు. దాని వెనక ఒక వంటమనిషి, గ్రాముల్లో తూచి చెప్పే ఓ న్యూట్రిషనిస్టు, పొద్దున్నే తలుపు తట్టే ట్రైనరు ఉంటారు. అన్నిటికీ మించి నిర్మాత ఇచ్చిన గడువుంటుంది. సన్నబడటం వాళ్ళ ఉద్యోగంలో భాగం. "దంగల్" (2016) కోసం ఆమిర్ ఖాన్ 97 కిలోలకి పెరిగి, ముందు ఆ వయసుమళ్ళిన తండ్రి సీన్లు తీయించుకున్నాడు. ఆ తర్వాతే తగ్గి, కుర్ర పహిల్వాన్ సీన్లు చేశాడు. వరస అలా తిప్పటం ఎందుకంటే, కుర్రవాడి భాగం ముందే అయిపోతే మళ్ళీ తగ్గాలనే పట్టుదల ఉండదని ఆయనే చెప్పాడు. చూశారా! అంతటివాడికే మెడ మీద షూటింగ్ కత్తి ఉంటే గానీ కుదరలేదు. మనకి ఆ కత్తీ లేదు, ఆ ట్రైనరూ లేడు.

ఇక చొక్కా విప్పే షాట్ సంగతి... ఆ రోజు కోసం ముందు నుంచే నీళ్ళూ ఉప్పూ తగ్గించుకునేవాళ్ళుంటారు. షాట్‌కి ముందు బస్కీలు తీసి కండలు ఉబ్బిస్తారు, ఒంటికి నూనె పూస్తారు, కెమెరామేన్ పక్క నుంచి లైటు కొడతాడు. ఆ శరీరం ఆ పూటకే. మర్నాడు ఆయనే అద్దంలో చూసుకుంటే అలా ఉండదు. పోస్టర్ మాత్రం మన గోడ మీద ఏడాది పొడుగునా ఉంటుంది.

అనుష్క "సైజ్ జీరో" (2015) చూశారా? పెద్దగా ఆడలేదు గానీ, అందులో ఎత్తుకున్న విషయం ఇదే. త్వరగా సన్నబడిపోవచ్చని ఆశపెట్టే క్లినిక్కులు అమాయకుల్ని ఏం చేస్తాయో చెప్పారు. ఆ పాత్ర కోసం ఆవిడ నిజంగానే బరువు పెరిగింది. ఆ తర్వాత ఎన్నేళ్ళు ఆమె బరువు మీద జోకులు వేశారో లెక్కే లేదు. వేసినవాళ్ళలో మన పత్రికలవాళ్ళూ ఉన్నారు. అదే సంవత్సరం, జూన్ 6న, "నువ్వు నాకు నచ్చావ్" నందు - ఆర్తీ అగర్వాల్ - అమెరికాలోని న్యూజెర్సీలో కన్నుమూసింది. 31 ఏళ్ళు. అంతకు కొద్ది వారాల ముందే కొవ్వు తీయించుకునే లైపోసక్షన్ జరిగిందని అప్పట్లో వార్తలొచ్చాయి. 2022 మే నెలలో బెంగుళూరులో 21 ఏళ్ళ కన్నడ టీవీ నటి అలాంటి ఆపరేషన్ కోసం వెళ్ళి తిరిగి రాలేదు. ఇరవై ఒక్క ఏళ్ళంటే ఈ పేజీ చదివే వాళ్ళ వయసేగా! 2025లో బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు కూడా మన దేశంలోకి వచ్చాయి. అవి ఊబకాయానికి డాక్టరు పరీక్ష చేసి రాసిచ్చే మందులు. ఫస్ట్ లుక్ పోస్టర్ కోసం పొడిపించుకునేవి కావు.

* * *

మరి మామూలు మనిషి ఏం చెయ్యాలి? ఈ ప్రశ్న నేను ఏ డాక్టరు కంటే ముందు ఒక వంట మాస్టారిని అడిగాను. తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరాయన. ముప్ఫై ఏళ్ళుగా యూనిట్లకి వండి పెడుతున్నాడు. అరవై దాటినా మనిషి వెదురుబద్దలా ఉంటాడు.

"ఆయ్... హీరోగారి క్యారేజీ ఊసు మీకెందుకండీ బాబూ," అన్నాడు మూకుట్లో గరిటె తిప్పుతూ. "యూనిట్‌కి వేపుడు లేకపోతే గొడవైపోద్దండి, అందుకని ఏపుతానండి. మా ఇంటికాడ మాత్రం ఆకుకూర పప్పు, చేపల పులుసు, పొట్టు తియ్యని పెసలతో అట్టు. అంతేనండి. ఇంకోటండీ... మీరంతా నూనె సీసా వంచి పోస్తారండి. గరిటెతో కొలిచి పోయండి. సగం మిగిలిపోద్ది."

ఈ చివరి మాట పట్టుకుని మా రూములో లెక్క వేశాను. కృష్ణానగర్‌లో నేనూ, ఒక అసిస్టెంట్ డైరెక్టరూ కలిసి ఉంటాం. నెలకి నాలుగు లీటర్ల నూనె. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ - ఎన్.ఐ.ఎన్. అంటామే, అదే - 2000 కేలరీల తిండి తినే మనిషికి రోజుకి 27 గ్రాముల నూనె చాలంటోంది. అంటే సుమారు రెండు పెద్ద చెంచాలు. నెలకి మనిషికి లీటరు లోపు! మేము అంతకు రెండింతలు పైనే లాగిస్తున్నాం, అదీ బయట తిన్న బజ్జీలూ బిర్యానీలూ కలపకుండా. గ్రాము అన్నానికైనా పప్పుకైనా నాలుగు కేలరీల లోపే ఉంటే, గ్రాము నూనెకి తొమ్మిది. లెక్క మీరే వేసుకోండి.

అప్పటికి నాకు 36 ఏళ్ళు. 84 కిలోలు. ఇన్సూరెన్సు పరీక్షలో డాక్టరమ్మ నడుం చుట్టూ టేపు పెట్టి 97 సెంటీమీటర్లంది. మన దేశంలో మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 దాటితే జాగ్రత్తపడాలట. షుగరు గీత దగ్గరకొచ్చి నిలబడిందని కూడా చెప్పి, "బయట తిండి తగ్గించి వండుకోండి," అంది. ఫ్రీలాన్సర్ బతుకు మీకు తెలియనిది కాదు. పొద్దున్న ప్రెస్‌మీట్ సమోసా, మధ్యాహ్నం షూటింగ్ భోజనం, రాత్రి ప్రివ్యూ తర్వాత ఎక్కడ తెరిచి ఉంటే అక్కడ. దీనికి విరుగుడు వంటే అయితే, అది ఎందుకు పనిచేస్తుందో తెలుసుకుందామని నాలుగు పుస్తకాలు తిరగేశాను. రెండు కథలు దొరికాయి. రెండూ మన సినిమాలకి పనికొచ్చే కథలే!

మొదటిది ఫ్లాష్‌బ్యాక్. వందేళ్ళ కిందట బెరిబెరి అని ఒక జబ్బు ఉండేది. కాళ్ళు తిమ్మిరెక్కి, వాచి, గుండె బలహీనపడి మనుషులు పోయేవాళ్ళు. అప్పటి మద్రాసు రాష్ట్రంలో దానికి పేరుపడ్డ చోటు ఏదో తెలుసా? మన సర్కారు జిల్లాలు! అన్నపూర్ణ అని చెప్పుకునే కోస్తా నేల. మిల్లులో తెల్లగా మర ఆడించిన పచ్చిబియ్యం తినటం వల్ల వచ్చిన తంటా అది. పైన ఉన్న తవుడు పొరలోనే బి1 విటమిన్ ఉంటుంది. తవుడు గేదెలకి పెట్టి, తెల్లటి ముత్యాలు మనం తిన్నాం. ఈ జబ్బు మీద పరిశోధనకని 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు ఒకే ఒక్క గదిలో మొదలుపెట్టిన లాబొరేటరీయే తర్వాత పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాద్ తరలి వచ్చింది. ఇందాక చెప్పిన ఎన్.ఐ.ఎన్. అదే. తార్నాక బస్సులో ఆ గేటు ముందు నుంచి ఎన్నోసార్లు వెళ్ళాను గానీ, దాని పుట్టుక వెనక మన అన్నం గిన్నె ఉందని అనుకోలేదు.

రెండో కథ అమెరికాలోది, 2019 నాటిది. కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త 20 మందిని నాలుగు వారాల పాటు ఆస్పత్రిలోనే ఉంచాడు. బిగ్‌బాస్ హౌస్ లాగా అనుకోండి. రెండు వారాలు ఫ్యాక్టరీలో తయారై ప్యాకెట్లలో వచ్చే తిండి. ఇంకో రెండు వారాలు కూరగాయలు, పళ్ళు, గింజలు, మాంసం తెచ్చి వండిన తిండి. రెండు రకాల భోజనాల్లోనూ కేలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు సమానంగా ఉండేట్టు చూసి ముందు పెట్టారు. "ఆకలి తీరేదాకా తినండి, ఎవరూ ఆపరు," అన్నారు. ఏమైంది? ప్యాకెట్ తిండి రోజుల్లో వాళ్ళకి తెలియకుండానే రోజుకి దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. రెండు వారాల్లో కిలోకి కాస్త తక్కువ బరువు పెరిగారు. వండిన తిండి రోజుల్లో అంతే బరువు తగ్గారు! కడుపు మాడ్చుకోకుండానే. ఇంకో చిత్రం, ప్యాకెట్ తిండిని గబగబా తినేశారట. నమలాల్సిన పని లేదుగా మరి. కడుపు "చాలు" అనేలోపే కంచం ఖాళీ.

తెనాలి తమ్ముడూ, నీకు పనికొచ్చే కథ ఇదే. మానెయ్యటం కంటే మార్చుకోవటం తేలిక.

* * *

ఇక వంటింట్లోకి రండి. మా వంటిల్లు ఇద్దరు పక్కపక్కన నిలబడితే మూడోవాడు బయట నిలబడాల్సినంత ఉంటుంది. రెండు పొయ్యిల స్టవ్, ఒక కుక్కరు, ఒక మూకుడు, ఒక పెనం, చిన్న మిక్సీ. అన్నీ సెకండ్‌హాండే.

ముందు బియ్యం మార్చాం. ముడిబియ్యం గంటన్నర నానాలి, నీళ్ళు ఎక్కువ పడతాయి, కూతలు ఎక్కువ రావాలి. మొదటి రోజు మా అసిస్టెంట్ డైరెక్టరు రెండు ముద్దలు నమిలి, "గురూ, ఇది అన్నమా, ఆర్ట్ ఫిలిమా? ఎంతకీ కదలదేం?" అన్నాడు. అప్పటి నుంచి సగం తెల్లబియ్యం, సగం ముడిబియ్యం కలిపి వండుతున్నాం. రెండు నెలలకి అలవాటైపోయింది. నిదానంగా నమలాల్సి రావటమే దాని గొప్ప. మిల్లువాణ్ణి అడిగితే ఒక్క పాలిష్‌తో ఆపిన బియ్యం కూడా ఇస్తాడు, అదీ మంచిదే.

తర్వాత కంచంలో వాటాలు మార్చాం. మనవాళ్ళ కంచమంటే అన్నం కొండ, పక్కన కూర బొట్టు! ఎన్.ఐ.ఎన్. చెప్పేది రోజుకి 400 గ్రాముల కూరగాయలు, అందులో 100 గ్రాములు ఆకుకూరలు, ఆపైన 100 గ్రాముల పళ్ళు. 400 గ్రాములంటే ఎంతో అనుకోకండి, ఒక పూటకి ఓ కప్పున్నర బీరకాయ కూర, ఇంకో పూటకి తోటకూర పప్పు, రెండు కీరదోస ముక్కలు. కందిపప్పు ఒక గ్లాసు, కట్ట చుక్కకూర, నాలుగు పచ్చిమిర్చి, పసుపు వేసి కుక్కర్లో నాలుగు కూతలు రానిచ్చి, చెంచా నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, వెల్లుల్లి తాలింపు పెడితే పావుగంట పని. చుక్కకూర పులుపే చాలు, చింతపండు అక్కర్లేదు. దొండకాయ వేపుడు కావాలనిపిస్తే మూతపెట్టి నీళ్ళు చిలకరించి మగ్గించి, చివర్లో చెంచాడు నూనె వేసి మంట పెంచుతాను. నూటికి ఎనభై పాళ్ళు వేపుడులాగే ఉంటుంది. మిగతా ఇరవై పాళ్ళకి పండగలున్నాయి.

పొద్దున్న టిఫిన్‌కి నా ఓటు పెసరట్టుకే. రాత్రి పెసలు నానపోస్తే పొద్దున్న అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి రుబ్బి పోసుకోవటమే. పులియబెట్టక్కర్లేదు, పొట్టు తియ్యక్కర్లేదు. పీచూ మాంసకృత్తులూ రెండూ దొరికాయి. పదకొండింటి దాకా ఆకలనే మాట రాదు. ఉప్మాతో జతచేసి ఎమ్మెల్యే పెసరట్టు చెయ్యకండి, అది మల్టీస్టారర్! ఎప్పుడో ఒకసారి చాలు.

చిరుధాన్యాల సంగతి రాయకపోతే మా కడప పాఠకులు కోప్పడతారు. అటువైపు నుంచి వెళ్ళి మైసూరులో స్థిరపడ్డ ఖాదర్ వలి గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఐక్యరాజ్యసమితి ఆ ఏడాదినే చిరుధాన్యాల సంవత్సరమంది. మంచిదే. కొర్రలు, సజ్జలు, జొన్నలు మన తాతలు తిన్నవే. రాగుల్లో ఉన్న కాల్షియం బియ్యంలో ఎక్కడుంది! కానీ ఒక మాట. కొర్రలకి మంత్రాలు రావు. వంద గ్రాముల కొర్రల్లో కేలరీలు దాదాపు వంద గ్రాముల బియ్యంలో ఉన్నంతే. పీచు వల్ల తక్కువ తింటాం గనుక ఉపయోగం. కొర్రల బిర్యానీ అని నెయ్యి ఓడుతుంటే మూడుసార్లు వడ్డించుకుంటే, దానికి కొర్రలేం చేస్తాయి పాపం! బెల్లమూ అంతే. చక్కెరకి అన్నగారే గానీ పరాయివాడేం కాదు.

ఇలా పధ్నాలుగు నెలలు గడిచాయి. 84 నుంచి 77కి వచ్చాను. నెలకి అరకిలో! ఏ నిర్మాతా కొనని కథ ఇది. రెండో నెలలో ఏ మార్పూ లేదు, ఆరో నెలలో పెళ్ళిళ్ళ సీజనుకి కిలో పెరిగింది. మధ్యలో సాయంత్రం నడక కూడా ఉంది, అది దాచను. నడుం 90 దగ్గర ఆగింది. షుగరు గీత నుంచి వెనక్కి జరిగింది. నాకు ఆ చివరిదే ముఖ్యం.

* * *

థియేటర్ మాటెత్తకుండా సినిమా పత్రికలో తిండి గురించి రాస్తే ఏం బావుంటుంది? ఇంటర్వెల్లో తాగే 300 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 32 గ్రాముల చక్కెర. అయిదు గ్రాముల చెంచాతో ఆరు చెంచాలు పైనే. కాఫీలో ఎవరైనా ఆరు చెంచాలు వేస్తే ఊరుకుంటారా? ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి 25 గ్రాముల లోపైతే మేలంటోంది. పాప్‌కార్న్ మాత్రం నిర్దోషి! పొట్టుతో సహా తినే మొక్కజొన్న గింజ అది. నేరమంతా దాని మీద పోసే వెన్నదీ కారమెల్‌దీ. ఇంట్లో చెంచా నూనె, గుప్పెడు గింజలు, మూతున్న గిన్నె ఉంటే నాలుగు నిమిషాల్లో టబ్బు నిండుతుంది. హాల్లోకి రానివ్వరనుకోండి, ఓటీటీ సినిమాకైనా పనికొస్తుంది కదా.

చెల్లెళ్ళకి ఒక మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. ఆ పైన హీరోయిన్‌లా ఉండాలని పూట మానేస్తే ఒంట్లో ఏం మిగులుతుంది? తోటకూర, పప్పు, గుడ్డు, నిమ్మకాయ పిండిన శెనగలు తినండి. ఏమీ తినకుండానే బరువు పెరుగుతుంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. అది వంటింట్లో తేలేది కాదు, డాక్టరు దగ్గర తేలాలి.

"మాకు వంటిల్లెక్కడిదండీ, హాస్టల్‌లో ఉంటాం," అంటారా? నిజమే, ఉత్తరాలు రాసేవాళ్ళలో సగం మంది మీరే. మెస్‌లో అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు ఒక గరిటె ఎక్కువ వెయ్యమని అడగండి, మెస్ అన్న ఏమీ అనుకోడు. సాయంత్రం చిప్స్ ప్యాకెట్ డబ్బులకి బండి మీద ఉడికించిన పల్లీలు, జామకాయ, కాల్చిన మొక్కజొన్న పొత్తు వస్తాయి. రాత్రి పడుకోబోయే ముందు గ్లాసులో గుప్పెడు శెనగలు వేసి నీళ్ళు పోసి పెట్టండి. పొద్దున్న నీళ్ళు వంపేసి తడిగుడ్డలో కట్టి కిటికీకి వేలాడదీస్తే మర్నాటికి మొలకలొస్తాయి. ఉల్లిపాయ, నిమ్మకాయ వార్డెన్‌ని అడిగినా ఇస్తారు.